రోటరీ కారు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల జపాన్ కంపెనీ మాజ్డా వాళ్ల స్పోర్ట్స్ కారు ఆర్ఎక్స్-7 గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలొస్తాయని అస్సలు అనుకోలేదండీ, మనవాళ్ల గరాజుల్లో ఇన్ని రోటరీ బళ్లు, అంటే పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్ ఉన్న బళ్లు, ఉన్నాయని తెలిసి చాలా సంతోషమేసింది. నేను మెకానిక్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది టెక్సాస్‌లో. ముందు 1988 ఆర్ఎక్స్-7 టర్బో టూ ఉండేది, ఇప్పుడు 1993 ఎఫ్‌డీ ఉంది, ఇంజన్ రెండుసార్లు నా చేత్తోనే విప్పి కట్టాను, ఆ అనుభవంతో చెప్పేవే ఇవన్నీ. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట, 1978లో వచ్చిన మొదటి తరం ఆర్ఎక్స్-7ని ఎఫ్‌బీ అని, 1985 చివర్లో వచ్చిన రెండోదాన్ని ఎఫ్‌సీ అని, 2002 దాకా తయారైన మూడోదాన్ని ఎఫ్‌డీ అని పిలుచుకుంటాం. ఆ తర్వాత వచ్చింది ఆర్ఎక్స్-8. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్): అన్నా, 2005 ఆర్ఎక్స్-8 మాన్యువల్ తీసుకున్నా, 88 వేల మైళ్లు తిరిగింది, చవగ్గానే వచ్చింది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అయిపోతుంది. గ్రోసరీకి వెళ్లి పది నిమిషాలాగి వచ్చి మళ్లీ తిప్పితే మాత్రం సెల్ఫ్ కొడుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. బ్యాటరీ మార్చినా లాభం లేదు. ఒక షాపులో కంప్రెషన్, అదే లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూసి 110 పీఎస్ఐ ఉంది, ఇంజన్ బాగుంది అన్నారు. నమ్మొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ 110ని నమ్మకు. ఎందుకో చెప్తా. మామూలు ఇంజన్లో ఒక సిలిండర్‌కి ఒకటే పిస్టన్, ఒకటే అంకె. మనదాంట్లో రోటర్‌కి మూడు ముఖాలుంటాయి, అంటే ఒక్కో రోటర్‌కి మూడు అంకెలు రావాలి, రెండు రోటర్లకి కలిపి ఆరు. మామూలు గేజ్ లోపల గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వ్ ఉంటుంది కదా, అది మూడింట్లో ఏది ఎక్కువో దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. రెండు ముఖాలు చచ్చిపోయి ఒక్కటి బతికున్నా నీకు 110 అనే చూపిస్తుంది.

రోటరీ కోసమే చేసిన టెస్టర్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు, ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడే చూడమను. వచ్చిన అంకెల్ని 250 ఆర్‌పీఎం లెక్కకి మార్చి చెప్పమను, ఎందుకంటే సెల్ఫ్ మోటార్ స్పీడుగా తిప్పితే అంకె పెరుగుతుంది, నెమ్మదిగా తిప్పితే తగ్గుతుంది, ఆ లెక్క కట్టకుండా చెప్పే అంకెకి అర్థమే లేదు. ఆర్ఎక్స్-8కి కనీసం 98 పీఎస్ఐ ఉండాలి, 120 దగ్గరుంటే మంచి ఆరోగ్యం. ఒకే రోటర్ మీద మూడు ముఖాల మధ్య తేడా సుమారు 20 దాటకూడదు. అంకెలు చూస్తే లోపల ఏం పాడైందో కూడా కొంత తెలిసిపోతుంది, పక్కపక్కన రెండు ముఖాలు పడిపోతే ఆ రెండింటి మధ్య రోటర్ కొసనున్న అపెక్స్ సీల్ మీద అనుమానం, ఎందుకంటే ఒక సీల్ అటూ ఇటూ రెండు గదులకీ కాపలా కాస్తుంది. ఒక్క ముఖమే పడిపోతే రోటర్ పక్కనుండే సైడ్ సీల్ అయ్యుండొచ్చు. టెస్టర్ దొరక్కపోతే మామూలు గేజ్‌లో ఆ చిన్న వాల్వ్ తీసేసి సెల్ఫ్ కొట్టు, ముల్లు మూడు సార్లు ఎగురుతుంది, మూడూ ఒకే ఎత్తుకి ఎగురుతున్నాయో లేదో ఫోన్‌లో వీడియో తీసుకుని స్లో చేసి చూడు. అంకె కచ్చితంగా రాదు గానీ కుంటుతోందా లేదా తెలుస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యి వేడిగా ఉన్నప్పుడు మొండికేయడం అనేది కంప్రెషన్ పడిపోయిందనడానికి మొదటి గుర్తు. చల్లగా ఉంటే ఆయిల్ చిక్కగా ఉండి సీల్స్ సందుల్ని కాస్త మూస్తుంది, వేడెక్కాక పలచబడి ఆ సాయం పోతుంది. కానీ ఇంజన్ పోయిందని ఇప్పుడే దిగులు పడొద్దు, 2004, 2005 బళ్లకి వచ్చిన సెల్ఫ్ మోటార్ నెమ్మదిది, తర్వాత మాజ్డావాళ్లే ఇంకా బలమైనది పెట్టారు. అది మార్చి, నాలుగు ప్లగ్గులు, నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్ కొత్తవి వేసి చూడు. కాయిల్స్‌ని అస్సలు తేలిగ్గా తీసుకోకు, నా లెక్కలో అవి 30 వేల మైళ్లకోసారి ఆయిల్ ఫిల్టర్‌లాగా మార్చి పారేయాల్సిన సామాను. కాయిల్ నీరసిస్తే పెట్రోల్ సగం కాలి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది, అక్కడ మండి దాన్ని కరిగిస్తుంది, అది పూడుకుపోతే పొగ బయటికి పోయే దారి లేక వేడంతా ఇంజన్‌లోనే ఉండిపోయి సీల్స్‌ని తినేస్తుంది. సరైన టైముకి కాయిల్ మార్చక పోయిన ఇంజన్లు ఎన్ని చూశానో.

అంకెలు నిజంగానే తక్కువొస్తే రీబిల్డ్, అంటే ఇంజన్ విప్పి మళ్లీ కట్టడం, తప్పదు. 2004 నుంచి 2008 మోడల్స్‌కి మాజ్డా అమెరికాలో ఇంజన్ వారంటీని ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్లకి పెంచింది గానీ అది ఎప్పుడో అయిపోయింది. మన ఊళ్లో బండి బోరుకొస్తే లేత్ షాపులో రీబోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు చూడు, దీనికి ఆ పద్ధతి లేదు. హౌసింగ్, అంటే రోటర్ తిరిగే గూడు, దాని లోపల క్రోమ్ పూత ఉంటుంది, అది లేచిపోతే హౌసింగ్ మార్చడమే. అందుకే రీబిల్డ్ ఇచ్చేముందు హౌసింగ్ ఫొటోలు పంపిస్తారా, ప్రతి సీల్ క్లియరెన్స్ కొలిచి కాగితం మీద రాసిస్తారా అని అడుగు, నసిగితే అక్కణ్ణించి బయటికి వచ్చేయ్.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): సార్, మంచు తీయడానికని మా ఆర్ఎక్స్-8ని డ్రైవ్‌వేలో పది అడుగులు వెనక్కి జరిపి ఆపేశాను. అంతే, మర్నాటి నుంచి స్టార్ట్ అవ్వట్లేదు. పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. ఏం పాడైంది?

జవాబు: ఏమీ పాడవలేదండీ, ఫ్లడ్ అయింది అంతే. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌లోకి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది కంప్యూటర్, వేడెక్కకముందే ఆపేస్తే ఆ పెట్రోల్ లోపలే ఉండి ప్లగ్గుల్ని తడిపేస్తుంది, గోడల మీద ఆయిల్‌ని కూడా కడిగేస్తుంది, దాంతో కంప్రెషన్ తాత్కాలికంగా పడిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టండి, అలా తొక్కితే ఇంజెక్టర్లు ఆగిపోతాయి, గాలి మాత్రమే పోయి లోపల ఆరుతుంది. పది సెకన్లు కొట్టి ఒక నిమిషం ఆపండి, లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలిపోతుంది. మూడు నాలుగు సార్లకి కాకపోతే ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసేసి, ముందు ఎడమ చక్రం విప్పితే ప్లగ్గులు అందుతాయి, నాలుగూ తీసి సెల్ఫ్ కొట్టండి, పెట్రోల్ తుంపర బయటికి కొడుతుంది, దగ్గర్లో సిగరెట్టు, హీటర్ లాంటివి ఏవీ ఉండకూడదు. తర్వాత ప్లగ్ రంధ్రాల్లో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, కొత్త ప్లగ్గులు బిగించి, ఫుల్ ఛార్జి ఉన్న బ్యాటరీతో తిప్పండి. కింద పెట్టే ప్లగ్గు, పైన పెట్టే ప్లగ్గు వేరువేరు, తారుమారు చెయ్యొద్దు. స్టార్ట్ అయ్యాక వీధంతా తెల్లపొగ నిండిపోతుంది, కంగారుపడకండి, కాసేపట్లో పోతుంది.

ఇకమీదట బండి కదిపితే వేడి ముల్లు మధ్యకి వచ్చేదాకా నడవనిచ్చి అప్పుడే ఆపండి. పది అడుగులే కదా అనుకుంటే న్యూట్రల్‌లో పెట్టి తోసేయండి, ఇంకా మంచిది.

ప్రశ్న (విజయవాడ): వీడియోల్లో చూశాను, ఈ ఇంజన్ ఆయిల్ తాగుతుందంటారు, అంటే మన ఆర్ఎక్స్ 100 లాగా టూ స్ట్రోకా? ఒక ఎఫ్‌డీని జపాన్ నుంచి ఇక్కడికి తెప్పించుకోవడం కుదురుతుందా? పోనీ ఇంజన్ ఒక్కటే తెప్పించి మారుతిలో పెడితే?

జవాబు: టూ స్ట్రోక్ కాదు బ్రదర్, గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం నాలుగు పనులూ ఉన్నాయి, కాకపోతే వాల్వులు లేవు, రోటర్ తిరుగుతుంటే ఆ నాలుగూ హౌసింగ్‌లో నాలుగు చోట్ల జరిగిపోతుంటాయి. కానీ నీ పోలిక పూర్తిగా తప్పు కాదు. ఆర్ఎక్స్ 100కి టూటీ ఆయిల్ వేరే ట్యాంకులో పోస్తే చిన్న పంపు దాన్ని కొంచెం కొంచెం ఇంజన్‌కి అందించేది గుర్తుందా, మన రోటరీలోనూ అలాంటి పంపే ఉంటుంది, కాకపోతే అది కిందున్న ఇంజన్ ఆయిల్‌నే తీసుకుని రోటర్ కొసలకున్న సీల్స్ మీద చల్లుతుంది. ఆ కొసలు గోడకి రాసుకుంటూ తిరుగుతాయి, తడి లేకపోతే అరిగిపోతాయి. అందుకని ఆయిల్ తగ్గడం జబ్బు కాదు, తగ్గకపోతేనే భయపడాలి. 1960ల్లో హిరోషిమాలో యమమోటో కెనిచి గారి కింద 47 మంది ఇంజనీర్లు ఈ ఇంజన్ మీద కూర్చున్నప్పుడు వాళ్లని ఏడిపించింది ఈ కొసలే, సీల్ అదిరి హౌసింగ్ లోపల అడ్డంగా గీతలు పడేవి, వాటిని వాళ్లు దయ్యం గోళ్ల గీతలు అనేవారు. సీల్ పదార్థం మార్చి, కార్బన్‌లో అల్యూమినియం ఇంకించి చేసిన సీల్స్‌తో ఆ గొడవ తీరాకే 1967లో కాస్మో స్పోర్ట్ బయటికొచ్చింది. సొంతంగా కనిపెట్టింది జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్, పట్టు వదలకుండా నిలబెట్టింది వీళ్లు.

తెప్పించుకోవడం సంగతి, బాధగా ఉన్నా ఉన్నది చెప్తా. మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కారుని ఇండియాలోకి రానివ్వరు, ఎఫ్‌డీ తయారీ ఆగిందే 2002లో. మాజ్డా మన దేశంలో కార్లు అమ్మనే లేదు, మనకి మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా స్కూలు బస్సులూ మినీ లారీలే. మారుతిలో ఇంజన్ పెట్టే ఆలోచన మానేయ్, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఆర్సీ చెల్లదు, ఇన్సూరెన్స్ పలకదు, ఎవరికైనా తగిలితే జీవితాంతం మొయ్యాలి. బయట దేశాల్లో చుట్టాలుంటే వెళ్లినప్పుడు ఒకసారి ఎక్కిరా. ముఖ్యంగా న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో రోటరీ పిచ్చి చాలా ఎక్కువ.

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): 1994 ఎఫ్‌డీ, 71 వేల మైళ్లు, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, అంతా స్టాకే, కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. గాలి లోపలికి పోయే ఇన్‌టేక్, టర్బో నుంచి పొగ దిగే డౌన్‌పైప్, వెనక ఎగ్జాస్ట్ మూడూ కొనిపెట్టుకున్నా. తర్వాత ట్విన్ టర్బోలు పీకేసి ఒక పెద్ద సింగిల్ టర్బో పెట్టి 400 హార్స్‌పవర్ తీద్దామని. ఏ వరుసలో బిగించమంటారు?

జవాబు: మీరు కొన్నవాటిని అట్టపెట్టెల్లోనే ఉంచండి, ముందు నేను చెప్పేది వినండి, ఈ ఉత్తరానికే నేను ఎక్కువసేపు కూర్చున్నాను.

స్టాక్ ఎఫ్‌డీకి అమెరికాలో 255 హార్స్‌పవర్. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బోలు రెండుంటాయి, ఒకటి ముందు పనిచేస్తుంది, 4500 ఆర్‌పీఎం దగ్గర రెండోది చేయి కలుపుతుంది, బూస్ట్, అంటే అవి తోసే గాలి ఒత్తిడి, పది పీఎస్ఐ ఉండి, మార్పు దగ్గర ఎనిమిదికి దిగి మళ్లీ పదికి ఎక్కుతుంది. ఈ నాటకం అంతా నడిపేది ఇన్‌టేక్ కింద దాక్కున్న డజన్ల కొద్దీ సన్న వ్యాక్యూమ్ గొట్టాలు, సోలెనాయిడ్లు, వన్‌వే వాల్వులు. ముప్పై ఏళ్ల వేడికి ఆ రబ్బరు గొట్టాలు అప్పడాల్లా పెళుసెక్కి ఉంటాయి, చేత్తో పట్టుకుంటే విరుగుతాయి. మీ బండి ఇప్పుడు 10-8-10 చూపిస్తోందా? ముందు ఒక బూస్ట్ గేజ్ పెట్టి అది చూడండి.

ఆ స్టాక్ కంప్యూటర్‌కి, స్టాక్ ఇంజెక్టర్లకి ఒక హద్దుంది. ఇన్‌టేక్, డౌన్‌పైప్, ఎగ్జాస్ట్ మూడూ ఒకేసారి వేస్తే గాలికి అడ్డు తగ్గి బూస్ట్ దానంతటదే పాకుతూ పైకి పోతుంది, బూస్ట్‌ని అదుపు చేసే వేస్ట్‌గేట్ చిన్నది, ఆపలేదు. గాలి పెరిగి పెట్రోల్ పెరగకపోతే డిటొనేషన్, అంటే మంట సమయం కాని సమయంలో పేలడం. పిస్టన్ ఇంజన్ రెండు మూడు దెబ్బలు ఓర్చుకుంటుందేమో, మనదాంట్లో రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న అపెక్స్ సీల్ ఒక్క దెబ్బకే విరుగుతుంది, విరిగిన ముక్క హౌసింగ్‌ని గీకి, ఎగ్జాస్ట్‌లోంచి పోతూ పోతూ టర్బో రెక్కల్ని కూడా కొట్టి పోతుంది. ఒక్క సెకను పని. పైగా మీకు కాలిఫోర్నియా బంకుల్లో దొరికే ప్రీమియం 91, మాకు టెక్సాస్‌లో 93, మా ఊళ్లో నడిచిన ట్యూన్ మీకు ప్రమాదం.

అందుకని నా వరుస ఇది. మొట్టమొదట రోటరీ టెస్టర్‌తో కంప్రెషన్, మీ ఎఫ్‌డీకి 250 ఆర్‌పీఎం దగ్గర 85 పీఎస్ఐ కనీసం, అంతకంటే బాగా పైనుంటేనే పవర్ సంగతి మాట్లాడాలి. రెండోది వేడి. స్టాక్ టెంపరేచర్ ముల్లుని నమ్మొద్దు, అది చాలా దూరం మధ్యలోనే నిలబడి ఉంటుంది, అది కదిలిందంటే పని అయిపోయినట్టే. అంకెలు చూపించే వేరే గేజ్ పెట్టండి. ఇంజన్ పక్కన కూలెంట్‌లో గాలి వేరుచేసే నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది, అది ఇంకా ఒరిజినల్ అయితే ఈ వారమే తీసేసి అల్యూమినియంది వేయండి. రేడియేటర్, కూలెంట్ గొట్టాలు అన్నీ కొత్తవి. స్టాక్ ఫ్యాన్లు వంద డిగ్రీల సెల్సియస్ దాటాకగానీ తిరగవు, వాటిని ముందే తిరిగేలా చేయించండి. నేను 110 దాటితే ఎక్కడున్నా పక్కకి ఆపేస్తా.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఒక ఆగస్టు మధ్యాహ్నం డాలస్ నుంచి ఆస్టిన్ పోతుంటే కూలెంట్ బజర్ మోగింది, తర్వాతి ఎగ్జిట్ రెండు మైళ్లే కదా అని నడిపాను. ఆ రెండు మైళ్లకి ఇంజన్‌లోని కూలెంట్ సీల్స్ పోయాయి. మర్నాడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ. ఇంజన్ మొత్తం దించి విప్పాల్సొచ్చింది, అల్యూమినియం హౌసింగ్ ఇనప ప్లేట్ల మధ్య ఉంటుంది, వేడికి రెండూ ఒకేలా సాగవు, మధ్యలో ఉన్న సన్న రబ్బరు రింగులే బలైపోతాయి.

ఇవయ్యాక వ్యాక్యూమ్ గొట్టాలన్నీ సిలికాన్‌వి మార్చి, ఫ్యూయల్ ఫిల్టర్, పంపు, ప్లగ్గులు, వైర్లు. అప్పుడు ఇంజన్‌ని నడిపే మంచి కంప్యూటర్, పవర్ ఎఫ్‌సీ అనే పాతది గానీ (ఎఫ్‌సీ కారుతో సంబంధం లేదు) హాల్‌టెక్ గానీ, గాలి, పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్, రోటరీ ట్యూన్ చేసిన చేయి ఉన్న మనిషి. ఆ తర్వాతే మీ పెట్టెలు తెరవండి. ఇంకో విషయం, మీ రాష్ట్రంలో 1976 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకి, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ పరీక్ష, అంటే పొగ పరీక్ష ఉంది, బానెట్ ఎత్తి కంటితో కూడా చూస్తారు, ప్రీక్యాట్, అంటే ముందుండే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్, తీసేసే డౌన్‌పైప్ అక్కడ వీధుల్లో చట్టబద్ధం కాదు, ఆమోదం నంబర్ లేని ఇన్‌టేక్‌తో కూడా ఫెయిల్ చేస్తారు. సింగిల్ టర్బో అయితే ట్రాక్ కోసం వేరే బండి అనుకోండి. నా మాట అడిగితే అన్నీ సరిగ్గా పనిచేసే స్టాక్ ట్విన్ టర్బో ఎఫ్‌డీ, 1270 కిలోల బరువుతో, కొండ రోడ్డు మీద ఇచ్చే ఆనందం ముందు 400 అనే అంకె పెద్ద విషయం కాదు. చాలామంది స్టాక్ ఎఫ్‌డీ సరిగ్గా ఎలా నడుస్తుందో ఒక్కసారి కూడా చూడకుండానే దాన్ని మార్చేస్తున్నారు, అది నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న (మెల్‌బోర్న్): ఎఫ్‌సీ టర్బోకి ఆయిల్ మీటరింగ్ పంపు, అదే సీల్స్ మీద ఆయిల్ చల్లే పంపు, తీసేసి పెట్రోల్‌లో ప్రీమిక్స్ చేయమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. సింథటిక్ ఆయిల్ వాడొచ్చా?

జవాబు: ఈ రెండు వర్గాలూ ఎప్పటికీ కలవవు. మన పాత చేతక్ స్కూటర్‌కి బంకులో పెట్రోల్‌తో పాటే టూటీ ఆయిల్ కలిపి కొట్టించేవాళ్లం, అదే ప్రీమిక్స్. ఆర్ఎక్స్ 100ది పంపు పద్ధతి. రెండూ నడిచాయి కదా. నా అభిప్రాయం, పంపు బాగా పనిచేస్తుంటే ఉంచండి, దానికి తోడు ప్రతి లీటరు పెట్రోల్‌కి నాలుగు మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిల్ పోయండి. పంపు పాడై తీసేశారంటే దాదాపు ఎనిమిది మిల్లీలీటర్లు, అప్పుడు ఒక్క ట్యాంకుకి కూడా మర్చిపోకూడదు, బండి వేరేవాళ్లకిస్తే వాళ్లకీ చెప్పాలి. పంపు పైపులు ప్లాస్టిక్‌వి, పెళుసెక్కి విరుగుతాయి, ఏడాదికోసారి చూడండి. ఇంకో మంచి దారి ఉంది, ఒక చిన్న అడాప్టర్ పెట్టి పంపుకి వేరే ట్యాంకు నుంచి శుభ్రమైన టూ స్ట్రోక్ ఆయిల్ ఇవ్వడం, అచ్చం ఆర్ఎక్స్ 100 లాగే, ఇంజన్ ఆయిల్‌లోని మురికి సీల్స్ మీద కాలకుండా ఉంటుంది. నాకు చేయి తిరిగినవాళ్లు చేసిన పద్ధతుల్లో ఇదే బాగా నచ్చింది.

ఇంజన్ ఆయిల్ విషయంలో నేను మినరల్ 20డబ్ల్యూ-50 వాడతా, మీ ఎండలకి అదే సరిపోతుంది. సింథటిక్ వాడి సుఖంగా ఉన్నవాళ్లూ ఉన్నారు, ఏ ఆయిలైనా 5 వేల కిలోమీటర్లకి మార్చేయండి, ఎందుకంటే రోటరీలో పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంటుంది, ఆయిల్ గడువుకి ముందే పలచబడుతుంది. డిప్‌స్టిక్ ప్రతి రెండోసారి పెట్రోల్ కొట్టించినప్పుడు చూడండి, బంకులోనే.

ప్రశ్న (హ్యూస్టన్): మా ఎఫ్‌సీ ఇంజన్ పోయింది. షాపువాళ్లు రోటరీ మానేసి ఎల్ఎస్ వీ8, అదే జీఎం వాళ్ల ఎనిమిది సిలిండర్ల పిస్టన్ ఇంజన్, పెట్టేయమంటున్నారు, రోటరీ ఎలాగూ నిలబడదు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: బండి మీది, డబ్బు మీది, వీ8 పెట్టిన ఎఫ్‌సీలు బాగానే నడుస్తాయి, అల్యూమినియం ఎల్ఎస్ కాబట్టి బరువు కూడా జనం భయపెట్టినంత పెరగదు. కానీ నిలబడదు అన్న మాట మాత్రం ఒప్పుకోను. 1991 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ల మాన్స్ 24 గంటల రేసులో 55 నంబర్ మాజ్డా 787బీ నాలుగు రోటర్ల ఇంజన్‌తో 24 గంటల్లో 362 ల్యాపులు తిరిగి గెలిచింది. నిలబడనిది ఇలా చేస్తుందా? మీ ఇంజన్ ఎందుకు పోయిందో ఆ షాపువాళ్లు విప్పి చూపించారా? చూపించకుండా మార్చేయమంటే వాళ్లకి అది తెలియదనే నేననుకుంటా. విప్పించి కారణం తెలుసుకోండి, ఆ తర్వాత మీకేది తోస్తే అది చేయండి.

ప్రశ్న (అట్లాంటా): నమస్కారమండీ. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఎక్కడో పొలంలో ఆరేళ్లుగా పడున్న 1987 ఆర్ఎక్స్-7 కొని బాగుచేసుకుంటానని ఒకటే గొడవ. వాళ్ల నాన్న వద్దంటున్నారు. నాకేమో వాడి ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది, కానీ భయం. కొననివ్వమంటారా?

జవాబు: అమ్మా, కొననివ్వండి, కొన్ని షరతులతో. మొదటిది, వాడు రోజూ కాలేజీకి వెళ్లే బండి ఇది కాకూడదు. ఆ రోజుల ఎఫ్‌సీ కూపేకి ఎయిర్‌బ్యాగులు లేవు, రోజువారీ ట్రాఫిక్‌లో వాడి చేతికి అదొక్కటే ఇవ్వడం నాకూ ఇష్టం లేదు, వాళ్ల నాన్నగారి భయంలో తప్పులేదు. రెండోది, టర్బో లేని మామూలు మోడలే కొనాలి, 146 హార్స్‌పవర్, నేర్చుకోవడానికి అంతకంటే అక్కర్లేదు, ఇంజన్ కూడా మొండిది, చాలా తప్పులు క్షమిస్తుంది.

మూడోది చాలా ముఖ్యం, దయచేసి ఈ పేరా వాడికి చదివి వినిపించండి. ఎఫ్‌సీలో పెట్రోల్ పైపు మీద పల్సేషన్ డ్యాంపర్ అని ఒక చిన్న భాగం ఉంటుంది, పాతబడితే లోపలి పొర చిరిగి వేడి ఇంజన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది, బళ్లు తగలబడేది దీనివల్లే. మొదటిసారి స్టార్ట్ చేయకముందే దాన్ని మార్చాలి, పెట్రోల్ గొట్టాలన్నీ కూడా. గరాజులో మంటలార్పే సిలిండర్ ఉండాలి. ఆరేళ్ల నాటి పెట్రోల్ ట్యాంకులోంచి పూర్తిగా తీసేయాలి.

ఆరేళ్లు నిలబడిన ఇంజన్‌కి నేరుగా సెల్ఫ్ కొట్టకూడదు. లోపల మసి గట్టిపడి సీల్స్ అతుక్కుని ఉంటాయి. ప్లగ్గులు తీసి కొంచెం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు నాననిచ్చి, ముందు పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో నెమ్మదిగా, ఇంజన్ తిరిగే దిక్కునే తిప్పమనండి. ఒక్కో ముఖం ప్లగ్ రంధ్రం దాటుతుంటే ఫుస్... ఫుస్... ఫుస్ అని మూడు సమానమైన ఊపిర్లు వినిపిస్తే కొనొచ్చు, ఒకటి మూగబోతే ధర తగ్గించమనాలి. ఈ పరీక్షకి వాళ్ల నాన్నగారిని కూడా తీసుకెళ్లమనండి, ఒకరు తిప్పాలి, ఇంకొకరు చెవి పెట్టి వినాలి, ఒక్కడితో అయ్యే పని కాదు. కింద తుప్పు కూడా ఆయన్నే చూడమనండి. సామాన్ల గురించి బెంగ వద్దు, ఎఫ్‌సీకీ ఎఫ్‌డీకీ కొన్ని భాగాలు మాజ్డావాళ్లే మళ్లీ తయారు చేస్తున్నారు.

ప్రశ్న (బెల్‌వ్యూ, వాషింగ్టన్): డిసెంబర్‌లో రెండు నెలలు ఇండియా వెళ్తున్నాం, చెల్లెలి పెళ్లి. మా ఎఫ్‌డీ గరాజులోనే ఉంటుంది. ఏం జాగ్రత్తలు?

జవాబు: ముందుగా చెల్లాయికి శుభాకాంక్షలు. వెళ్లే ముందు ఆయిల్ మార్చి, ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించి, అందులో స్టెబిలైజర్, కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి, ఒక అరగంట హైవే మీద తిప్పండి, పూర్తిగా వేడెక్కాక ఒకసారి రెడ్‌లైన్ దాకా తీసుకెళ్లండి, లోపలున్న మసి కొంత ఊడిపోతుంది. ఇంటికొచ్చి టర్బోలు చల్లారేదాకా రెండు నిమిషాలు నడవనిచ్చి ఆపేయండి. కూలెంట్ ఎంత చలికి తట్టుకుంటుందో చూడండి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టండి, బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించండి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా గేర్‌లో పెట్టి చక్రానికి అడ్డు పెట్టండి. పక్కింటాయనకి ఇంటి తాళం ఇచ్చినా కారు తాళం మాత్రం ఇవ్వకండి, సాయం చేద్దామని వారానికోసారి స్టార్ట్ చేసి ఒక నిమిషంలో ఆపేస్తాడు, మీరు వచ్చేసరికి ఎడిసన్ వాళ్ల బండిలాగే తయారవుతుంది.